బొట్టు పెట్టని ముక్క

చీమ కనురెప్ప తెచ్చిస్తే నాలుగు పొరలుగా కోసి చూపిస్తానని అరకు స్టేషను ఎదురుగా ఉన్న టీకొట్టులో నేను పందెం కాసేవాణ్ణి. చీమకి కనురెప్ప ఉండదని ఓ బడిపంతులు అడ్డం వచ్చాడు. "మీరు కోసి చూశారేటండీ?" అన్నాను. ఆయన టీ ఊదుకున్నాడు. నా గొప్పలన్నీ అలాంటివే. పక్కనుండి చూసినవాడు లేడు కాబట్టి కాదనేవాడూ లేడు.

నేను డాక్టర్ని కాను. సంతలో ఎవరైనా "డాక్టరు బాబూ" అంటే దిద్దేవాణ్ణి మాత్రం కాను. కొండ కింద చిన్న ధర్మాసుపత్రిలో ల్యాబు మనిషిని. మాది విజయనగరం పక్క పల్లె. పట్నంలో ఒక మెడికల్ కాలేజీలో ముక్కలు కోసే పని నేర్చుకుని, తొంభైల్లో అరకు ఎక్కాను. ముక్క అంటే రోగి ఒంట్లోంచి డాక్టరు తుంచి ఇచ్చే కండ. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, నీరంతా లాగేసి, కరిగిన మైనంలో దిమ్మ కడతాం. దిమ్మని కోత మిషనుకి బిగించి చక్రం తిప్పితే ఉల్లిపొరకంటే పల్చటి రిబ్బను వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళమీద తేల్చి, గాజు పలక మీదకి ఎత్తి, రంగులు వేస్తే అప్పుడు మైక్రోస్కోపు కింద రోగం కనపడుతుంది. చూసి చెప్పే పెథాలజీ డాక్టరుగారు విశాఖపట్నంలో ఉండేవారు. పలకలు మధ్యాహ్నం బస్సులో ఘాటీ దిగేవి. ఫలితం మర్నాడు ఫోన్లో వచ్చేది.

ఆ కోత మిషను కాలేజీవాళ్ళు పాతదని తీసి పారేస్తే, భుజాన వేసుకుని అనంతగిరి ఘాటీ ఎక్కించానని చెప్పుకునేవాణ్ణి. జీపులో వచ్చింది. నేనూ జీపులోనే వచ్చాను, ముందు సీట్లో.

ఇవన్నీ ఎవరికీ నొప్పి తగలని గొప్పలు. ఒక గొప్ప మాత్రం అలాంటిది కాదు. అది ముందు టీకొట్టులో చెప్పినట్టే చెప్తాను.

రెండువేల మూడో నాలుగో, చలికాలం. ముంచింగిపుట్టు అవతలి ఊరి నుంచి ఒక ఆడగుంటని జీపులో తీసుకొచ్చారు. పదిహేనేళ్ళుంటాయి. అంతకుముందు ఆ పిల్లకి రక్తం పుట్టడం ఆగిపోయింది. మా ఆసుపత్రి డాక్టరమ్మే ఎవరెవరినో పట్టుకుని దక్షిణాదిలో ఒక పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ వాళ్ళన్న ఎముక మూలుగలోంచి మూలకణాలు తీసి చెల్లెలికి ఎక్కించారు. రక్తం పుట్టింది. నాలుగు నెలలు అక్కడే ఉంచి పంపారు. ఇంటికొచ్చిన మూడో వారం విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకి పది, పదిహేను. పచ్చగా, నీళ్ళలా, తరవాత నెత్తురుతో. ఎవరికీ రోగం అంతుపట్టలేదు. పట్నం డాక్టరు తల పట్టుకున్నాడు. మా డాక్టరమ్మ ముక్క సరిగ్గా తీయలేకపోయింది. అప్పుడు నేను, ఈ ముసలాణ్ణి, పలక మీదికి వంగి, "అదిగో, కణాలు రాలిపోతున్నాయి, మందు మొదలెట్టండి" అన్నాను. పిల్ల బతికింది.

టీకొట్టువాడు ఈ కథకి రెండో టీ ఊరికే పోసేవాడు.

పిల్ల రోగం సంగతి వదిలేస్తే ఇందులో నిజం రెండే. పిల్లని జీపులో తెచ్చారు. పిల్ల బతికింది.

జరిగింది ఇది. డాక్టరమ్మ పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. వాళ్ళు చెప్పింది నాకూ విడమరిచి చెప్పింది, నేను గర్వంగా తలాడించాను. అన్న నుంచి వచ్చిన కణాలకి చెల్లెలి ఒళ్ళు కొత్త ఊరు. ఒక్కోసారి అవి ఆ ఊరినే పగవాళ్ళ ఊరనుకుని తిరగబడతాయి. చర్మం, కాలేయం, పేగు, వీటి మీద పడతాయి. ఈ పిల్లకి పేగు మీద పడి ఉండొచ్చు. అదే అయితే వాటిని అణిచే స్టెరాయిడ్ మందు వెంటనే, పెద్ద మోతాదులో ఇవ్వాలి. కానీ అలాంటి పిల్లలకి పేగులో ఒక వైరసు కూడా లేస్తుంది. అచ్చం ఇవే విరేచనాలు, ఇదే నెత్తురు. అది వైరసయితే స్టెరాయిడ్ ఇవ్వడం గడ్డివాముకి నిప్పు పెట్టడమే. పైకి చూసి ఏదని చెప్పలేం. ముక్క చెప్పాలి.

పేగు లోపలి పొర నిండా చిన్న చిన్న బావులుంటాయి, మైక్రోస్కోపులో చూస్తే పక్కపక్కన నిలబెట్టిన గాజు గొట్టాల్లా. కొత్త కణాలు పుట్టేది ఆ బావుల అడుగున. తిరుగుబాటయితే అడుగునున్న కణాలు ఒక్కొక్కటీ పొడిపొడిగా చితికిపోయి కనిపిస్తాయి. వైరసయితే కణం ఉబ్బి, మధ్యలో గుడ్లగూబ కన్ను లాంటి మచ్చ. రెండూ అన్ని చోట్లా ఉండవు. ఒక బావిలో ఉండి పక్క బావిలో ఉండకపోవచ్చు. అందుకే నాలుగైదు ముక్కలు తీయాలి, ప్రతి ముక్కనీ పై నుంచి అడుగు దాకా పొరపొరగా కోసి చూడాలి. పిల్ల ఘాటీ దిగే స్థితిలో లేదు. డాక్టరమ్మే పేగులోకి చూసే గొట్టం వేసి, దాని కొసనున్న ఫోర్సెప్స్‌తో కరిపించి నాలుగు ముక్కలు తీసింది. ఆవిడకి అప్పటికే అరవై. చెయ్యి మాత్రం రాయిలా ఉండేది. సీసా నా చేతికిచ్చి, "నాలుగు. లెక్కపెట్టుకో" అంది.

లెక్కపెట్టాను. నాలుగే. ఒక్కోటీ ఆవగింజంత.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ఇలాంటి ముక్కలు పాలిపోయి తెల్లగా ఉంటాయి. తెల్ల మైనంలో తెల్ల ముక్క పడితే ఎక్కడుందో కళ్ళు చిట్లించినా కనపడదు. అందుకని మైనంలో దించేముందు ముక్క మీద ఎర్ర రంగు చుక్క ఒకటి వేస్తాం. నాకు పని నేర్పిన పెద్దాయన దాన్ని బొట్టు పెట్టడం అనేవాడు. "బొట్టు పెట్టకుండా ముక్కని గడప దాటించకురా" అనేవాడు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పెట్టాను. అరకు వచ్చాక అడిగేవాడు లేడు. చూపు ఆననివాడికి బొట్టు గాని నాకెందుకన్నాను. అప్పటికి నా కళ్ళద్దాలు చొక్కా జేబులో ఉండేవి. ముక్కు మీద పెట్టుకుంటే ముసలాడంటారని.

బొట్టు లేకుండానే నాలుగింటినీ ఒకే దిమ్మలో వరసగా దించాను. మర్నాడు పొద్దున దిమ్మని మిషనుకి బిగించాను. సంత రోజు. ఆ వేళకి మా బావ వచ్చాడు. బావంటే చుట్టరికం లేదు, ఒకే వైపు వాళ్ళం. సంతవీధిలో కిరాణా కొట్టు. చక్కెర పరీక్షకి నెత్తురిచ్చి, కబుర్లకి కూర్చున్నాడు.

"ఏటి బావా సేత్తన్నావు? తిరగలా?"

"తిరగలి కాదురా. మనిషిని రిబ్బను తీసే మిషను."

"ఏదీ మనిషి? నాకు మైనమే కనపడతంది."

"నీ కంటికేం కనపడద్ది. బెల్లం దిమ్మలో చీమ కూడా కనపడదు నీకు."

"ఆ చీమ కనురెప్ప నువ్వు కోసీ, మన ఊళ్ళోవోళ్ళు నమ్మీ. తిప్పు, సూద్దాం. ఎంత బేగి తిప్పగలవు?"

దిమ్మని ముందు కాస్త చెక్కాలి, పైనున్న ఖాళీ మైనం పోయేదాకా. పెద్ద ముక్కలయితే గబగబా చెక్కొచ్చు. ఆవగింజ ముక్కలకి చెక్కడమే ఉండదు. మొదటి పొర నుంచే పట్టుకోవాలి. ఈ సంగతి నాకు తెలియదా? నా పేరు మర్చిపోయినా అది మర్చిపోను. కానీ బావ చూస్తున్నాడు. చక్రం పట్టుకుని రయ్యిమని తిప్పాను. చలికి మైనం పెళుసెక్కి రిబ్బను రాలేదు, రంపపు పొట్టులా రాలింది. బావ "ఓరి నీ!" అన్నాడు. ఇంకా తిప్పాను. పొట్టు ఎగిరి బావ పంచె మీద పడింది. బావ దాన్ని అరచేతిలోకి దులిపి, గుమ్మం వైపు తిరిగి, "ఉఫ్" అని ఊదాడు.

అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకున్నాను. దిమ్మలో ఒక్క ముక్క ఉంది. అదీ సగం.

బావని పంపేశాను. గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. చెత్తడబ్బా బోర్లించాను. మైనప్పొట్టులో ఏది ముక్కో ఏది మైనమో తెలియలేదు. బొట్టు పెట్టి ఉంటే తెలిసేది. మిగిలిన సగాన్ని ఊపిరి బిగబట్టి, నోటి ఆవిరితో దిమ్మని వెచ్చచేసుకుంటూ కోశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కోయలేదు. దొంగతనం జరిగాక వేసిన తాళం.

పలకలు బస్సెక్కాయి. మర్నాడు ఫోను. "పై పొర తప్ప ఏమీ లేదు. బావుల అడుగు లేదు. ఏ సంగతీ చెప్పలేను. మళ్ళీ తీయండి."

డాక్టరమ్మ ల్యాబుకొచ్చింది. కోపంగా రాలేదు. కోపంగా వస్తే నిజం చెప్పేవాణ్ణేమో. లేదు, ఇదీ పెంచి చెప్పడమే. చెప్పేవాణ్ణి కాను.

"నాలుగూ వచ్చాయి కదయ్యా నీకు?"

"వచ్చాయమ్మా. నాలుగూ దిమ్మ కట్టాను." అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "లోతు లేదమ్మా. పైపైనే వచ్చాయి. ఫోర్సెప్స్ సరిగా కరవలేదేమో."

ఆవిడ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. "నాకు బాగానే కరిచినట్టనిపించిందే" అంది, నాతో కాదు. రిజిస్టరులో ఆ మాటే రాశాను. ముక్కలు నాలుగు, లోతు చాలలేదు.

మళ్ళీ వెంటనే తీయడానికి లేదు. ఈలోగా రక్తం గడ్డకట్టించే కణాలు బాగా పడిపోయాయి, తుంచితే కారుతూనే ఉంటుంది. ఆ కణాలు పట్నం నుంచి తెప్పించి ఎక్కించేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ పిల్లకి ఏ మందూ పూర్తిగా ఇవ్వలేదు. ఏది ఇస్తే చంపుతుందో తెలియదు కాబట్టి.

వాళ్ళమ్మ వరండాలో ఉండేది. మూడు రాళ్ళ పొయ్యి మీద చోడి అంబలి కాచేది. పిల్ల ఒక గుటక వేసేది, అదీ ఉండేది కాదు. తల్లి గిన్నె కడిగి, మళ్ళీ కాచేది. రోజూ పొద్దున్నే ల్యాబు కిటికీ దగ్గర నిలబడేది. ఊచలు పట్టుకునేది కాదు, దూరంగా, చేతులు కట్టుకుని.

"బాబూ, మా గుంట ముక్క ఏటంది?"

"ఇంకా ఏమీ అనలేదమ్మా."

"అడుగు బాబూ. నీ మాటయితే ఇంటాది."

రెండో రోజు అదే. మూడో రోజు అదే. నాలుగో రోజు ఆవిడ వచ్చే వేళకి నేను గోదాం గదిలోకి వెళ్ళి దూరాను. తలుపు సందులోంచి చూశాను. ఖాళీ కిటికీని ఆ ప్రశ్నే అడిగి, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఏడో రోజు డాక్టరమ్మ మళ్ళీ గొట్టం వేసింది. ఆవేళ మొదటిసారి ఆవిడ ఫోర్సెప్స్ కొసని వెలుతురులో పెట్టి చూసుకుంది. లోతు చాలదన్న మాట మనసులో ఉంది కదా, ఈసారి కాస్త ఎక్కువే కరిపించింది. నెత్తురు ఆగలేదు. వాళ్ళన్న, మూలుగ ఇచ్చినవాడే, ఈసారి నెత్తురివ్వడానికి చెయ్యి చాచి పక్క మంచం మీద పడుకున్నాడు. ఆగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ నెత్తురు నా మాట వల్ల కారింది.

ఐదు ముక్కలు. ఐదింటికీ బొట్టు పెట్టాను. ఒక్కోదాన్ని నిలువుగా నిలబెట్టి, వేరువేరు దిమ్మలు కట్టాను. ఒక్క పొర పారేయలేదు. ముప్ఫై పలకలు పంపాను. మర్నాడు ఫోన్లో పెథాలజీ డాక్టరుగారే చెప్పారు. బావుల అడుగున కణాలు చితికిపోయి ఉన్నాయి. వైరసు జాడ ఏ పలకలోనూ లేదు. తిరుగుబాటే. కనిపెట్టింది ఆయన. నేను ఫోను పట్టుకున్నాను, అంతే.

స్టెరాయిడ్ మొదలెట్టారు. రోగం ముదిరింది కాబట్టి మోతాదు పెద్దది, చాలా నెలలు. పదో రోజున పిల్ల అంబలి తాగి, ఇంకాస్త అడిగింది. తల్లి కిటికీ దగ్గరికొచ్చి, "ముక్క సెప్పినాది కదా బాబూ" అని నాకు దణ్ణం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

ఏడాది తిరిగేసరికి పిల్లకి తుంటి ఎముక దెబ్బతింది. ఆ మందుకి ఒక్కోసారి అలా అవుతుందట. ఎడమకాలు ఈడ్చి నడిచేది. ఆ ఆరు రోజులూ పోకపోతే మోతాదు తగ్గేదా, కాలు దక్కేదా? దక్కేది కాదేమో. డాక్టరమ్మని అడిగితే తెలిసేదేమో. ఏమని అడగను?

ఆ ఏడాదే డాక్టరమ్మ గొట్టం తుడిచి అల్మారాలో పెట్టేసింది. "నా చేతికి లోతు తెలియడం లేదయ్యా. పిల్లల మీద ఎందుకు ప్రయోగాలు" అంది. తరవాత కడుపునొప్పని వచ్చినవాళ్ళని పట్నం పొమ్మనేది. కొందరు వెళ్ళేవారు. కొందరు తలాడించి కొండెక్కేసేవారు. వాళ్ళకేమైందో నాకు తెలియదు, తెలుసుకోలేదు.

నేను మాత్రం టీకొట్టులో కథ పెంచుతూ పోయాను. ఎందుకని అడిగితే, చెప్పిన కొద్దీ నిజంగా జరిగింది కాస్త వెనక్కి పోయేది. ఏటా పంట రాగానే ఆ పిల్ల రాజ్మా గింజలు సంచీడు తెచ్చి నా గుమ్మంలో పెట్టేది. "నా ముక్క సూసిన తాతకి" అనేది. తినేవాణ్ణి.

ఐదో ఏడు అనుకుంటాను. సంత రోజు, ఎండ బాగా కాస్తోంది. పిల్ల ఇరవై దాటింది. సంచి దింపి, వరండాలో కూర్చుని, కాలు చాపుకుంది. సంతోషంగా ఉంది. వాళ్ళ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా తీసుకున్నారట.

"అందరికీ నీ గురించే సెప్తన్నాను తాతా. మా ఊరోళ్ళు ఇక్కడికి రామంటన్నారు. డాక్టరమ్మకి సెయ్యి ఒణుకుతాదంట, ముక్క తియ్యడం రాదంట. నానేటన్నానో తెలుసా? డాక్టరమ్మ పోనీండి, తాతున్నాడు కదా అన్నాను."

ఆ మాట ఊళ్ళు తిరిగి వచ్చింది. నేను పుట్టించిన మాట.

"డాక్టరమ్మ చెయ్యి వణకలేదే అమ్మా" అన్నాను. మొదలుపెట్టాక ఆపలేదు. బొట్టు, బావ, చక్రం, ఉఫ్, అన్నీ చెప్పాను. ఫోర్సెప్స్ మాట కూడా.

ఆమె చాపిన కాలు వైపు చూసుకుంటూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"ఆ ఆరు రోజులూ మాయమ్మ నీ కిటికీ కాడ నిలబడినాది."

"అవును."

"నువ్వు గోదాం గదిలో దూరినావంట. మాయమ్మ సూసినాది. పాపం, బాబుకి సెప్పడానికి బాధలాగుంది అన్నాది." కాలు దగ్గరికి లాక్కుని, "డాక్టరమ్మకి సెప్పినావా?"

"లేదు."

"ఇన్నేళ్ళూ?"

"లేదమ్మా."

లేచింది. సంచి ఎత్తుకుంది. "పద."

ఆసుపత్రి వెనక క్వార్టర్సు. కాలు ఈడుస్తూ ఆమె ముందు, రెండు కాళ్ళూ బాగున్న నేను వెనక. డాక్టరమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నిలబడే చెప్పాను. ఈసారి ఒక్క ముక్క పెంచలేదు, తగ్గించలేదు.

ఆవిడ చేతిలో ఉన్న కాయ తుంచి చేటలో వేసింది.

"నాలుగు తీశాను కదూ?"

"నాలుగే అమ్మా."

"నాకు తెలుసు. బాగా కరిచిందని చేతికి తెలిసింది. నువ్వు కాదన్నావు. నీ మాట నమ్మి నా చేతిని నమ్మడం మానేశాను." కుడిచెయ్యి ఒకసారి తెరిచి, మూసి చూసుకుంది. నా వైపు చూడలేదు. పిల్లతో, "ఇలా రా, ఆ కాలు చూపించు" అంది.

క్షమించానని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే అదీ నా కోసమే అవుతుంది. మర్నాడు అల్మారాలోంచి గొట్టం తీయించింది. మడతల దగ్గర రబ్బరు పగిలిపోయింది. పనికిరాదు. మళ్ళీ అల్మారాలో పెట్టి తాళం వేసింది. రిజిస్టరు తెప్పించి నా ముందు పెట్టింది. పాత పేజీ తీసి, లోతు చాలలేదన్న మాట కొట్టేసి, ముక్కలు మూడున్నర నా చేతిలో పోయాయని రాసి సంతకం పెట్టాను. ఆ నెలాఖరుకి నా ఉద్యోగం కూడా ముగిసింది. ఎవరూ పొమ్మనలేదు. వయసయింది.

రాజ్మా సంచి ఆవేళ డాక్టరమ్మ గుమ్మంలోనే దిగింది. ఆ పిల్ల తరవాత నా ఇంటికి రాలేదు. వెళ్ళేముందు మాత్రం గేటు దగ్గర ఆగి ఒక మాట చెప్పింది.

"మాయమ్మకి సెప్పకు తాతా. సెప్తే మళ్ళీ ఎల్లి ఆ కిటికీ కాడ నిలబడతాది."

అందుకని చెప్పలేదు. ఇప్పుడు పంట రాగానే తల్లే వస్తుంది. కూతురు ఎందుకు రాదో అడగదు. పనులుంటాయనుకుంటుంది. నాకు వద్దనే దారి లేదు. ఆమెకి చదువు రాదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. ఇదీ ఒక రకం గోదాం గదే.

మొన్న కూడా వచ్చింది. గింజలు చేటలో పోసి, రాళ్ళు ఏరి, నా ముందు పెట్టి అడిగింది.

"నిరుటివి బాగున్నాయా బాబూ? ఉడికినాయా?"

"ఉడికాయమ్మా" అన్నాను. "అన్నీ తిన్నాను."

నిజంగానే తిన్నాను, ఒక్క గింజ పారేయకుండా.